సాయంత్రం మిగిలే ఉద్యోగం

మా నాటక సమాజంలో కొత్తగా చేరిన కుర్రాడు మొన్న రిహార్సల్ అయ్యాక పక్కకు పిలిచి అడిగాడు: "మాస్టారూ, ఉద్యోగం మానేసి పూర్తిగా నటన మీదే ఉందామనుకుంటున్నాను. ఏమంటారు?" మంచి గొంతు వాడిది. మాట ఎక్కడ విరవాలో తెలుసు. అయినా మానొద్దన్నాను. ఎందుకన్నానో అప్పటికప్పుడు చెప్పడం కుదరలేదు, ఇక్కడ చెబుతాను.

తెలుగు నాటకాన్ని నిలబెట్టినవాళ్లలో చాలామందికి పగలు వేరే పని ఉండేది. బళ్లారినే తీసుకోండి. 'చిత్రనళీయం' రాసి ఆడించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు. ఆయనకు దీటుగా చారిత్రక నాటకాలు రాసిన కోలాచలం శ్రీనివాసరావూ వకీలే. ధర్మవరంవారి మేనల్లుడు బళ్లారి రాఘవ సంగతి చెప్పనే అక్కర్లేదు. 1880లో తాడిపత్రిలో పుట్టి, మద్రాసులో లా చదివి, బళ్లారిలో పేరుమోసిన లాయరయ్యారు. పద్యాన్ని రాగాలతో సాగదీసి వన్స్‌మోర్లు కొట్టించుకునే రోజుల్లో, మనిషి మాట్లాడినట్టే సంభాషణ చెప్పాలని ఆయన పట్టుబట్టారు. ఆడవేషాలు ఆడవాళ్లే కట్టాలన్నారు, కట్టించారు. ప్రాక్టీసు అన్నం పెడుతోంది కనుకే అంత మొండితనం చెల్లిందని నా నమ్మకం. ఆ రాత్రి టిక్కెట్ల డబ్బుతో మర్నాడు పొయ్యి వెలిగించాల్సిన కంపెనీ యజమానికి అలాంటి పట్టుదల సాధ్యమా?

మరి సురభివాళ్ల మాటేమిటంటారా? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన ఆ కుటుంబాలకు తరతరాలుగా నాటకమే బతుకు. వాళ్లకి చేతులెత్తి మొక్కుతాను. కానీ అక్కడ తెర లాగేవాడు, వేషం కట్టేవాడు, వాయించేవాడు అందరూ ఒకే ఇంటి మనుషులు. కష్టమొస్తే అందరూ కలిసి మోస్తారు. రాజీనామా ఇచ్చి ఒంటరిగా అద్దెగదిలో కూర్చునే కుర్రాడికి ఆ ఇల్లేదీ?

నాది బ్యాంకు ఉద్యోగం. నా నటనకు అసలు బడి ఆ కౌంటరే. ఒక కౌలు రైతు బంగారం తాకట్టు పెట్టడానికి వచ్చాడు. జేబురుమాలు విప్పి భార్య గొలుసు తీసిచ్చాడు. అప్రైజరు గీటురాయి మీద గీస్తున్నంతసేపూ ఆయన గొలుసు వంక చూడలేదు. ఖాళీ రుమాలును కౌంటరు మీద పరిచి, మడత పడ్డచోటల్లా బొటనవేలితో సాపు చేస్తూనే ఉన్నాడు. తర్వాత ఓ నాటక పరిషత్తు పోటీలో అప్పులపాలైన తండ్రి వేషం వేశాను. ఏడవాల్సిన చోట కన్నీళ్లు తెచ్చుకోలేదు. భుజం మీది తువ్వాలు తీసి మోకాలి మీద పరిచి సాపు చేశాను, అంతే. హాలంతా నిశ్శబ్దం. అది ఏ దర్శకుడూ నాకు చెప్పింది కాదు.

పరిషత్తుల్లో వేషాలు కట్టేవాళ్లెవరో ఎప్పుడైనా గమనించండి. టీచర్లు, ఎల్‌ఐసీవాళ్లు, కరెంటు ఆఫీసు గుమాస్తాలు. అర్ధరాత్రి కొబ్బరినూనెతో రంగు తుడుచుకుని, తెల్లారి బస్సెక్కి డ్యూటీలో చేరేవాళ్లు. మాలాంటివాళ్లకు దొరికిన అదృష్టం పెద్ద జీతం కాదు, చేతిలో మిగిలిన సాయంత్రం. ఆఫీసు వదిలాక బడిలో ఓ గది తాళం తెరిపించుకుని, బెంచీలు గోడకు జరిపి, గుమ్మం ఎక్కడో సుద్దముక్కతో గీసుకుని ఏడింటికల్లా రిహార్సల్ మొదలెట్టేవాళ్లం.

మా కుర్రాడి కష్టం అక్కడే ఉంది. వాడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రి ఎనిమిదిన్నరకు అమెరికావాళ్లతో కాల్. రెండో అంకం మధ్యలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మెట్ల మీదికి పరిగెడతాడు. తిరిగొచ్చేసరికి పాత్ర వాడి ఒంట్లో ఉండదు. అలాంటివాడికి ఉద్యోగమే శత్రువులా కనబడటంలో తప్పేముంది? నిజానికి వాడు వదులుకోవాల్సింది ఆ పనివేళల్ని. జీతం నాలుగు రూపాయలు తగ్గినా సరే, సాయంత్రాన్ని వదిలిపెట్టే ఉద్యోగం వెతుక్కోమన్నాను. వెతుకుతున్నాడు.

ఉద్యోగాలు చూసుకునే పిల్లలూ, జీతమెంతో అడిగినంత ధైర్యంగా ఎన్నింటికి వదుల్తారో కూడా అడగండి. ఇంట్లో పెద్దవాళ్లకూ ఒక మనవి. రిహార్సల్‌కి బయల్దేరిన పిల్లల్ని గుమ్మంలో ఆపి, దీనివల్ల ఏమొస్తుందని నిలదీయకండి. వెళ్లి రానివ్వండి. వీలైతే నాటకం రోజున మీరూ వచ్చి ముందు వరసలో కూర్చోండి.