లోహంమీది మాలిన్యం: లేజరు సాక్ష్యం ఎంతవరకు?

"లేజరు కిరణం పడగానే పదార్థం పేరు బయటపడుతుంది" అన్న మాట మన విజ్ఞాన వ్యాసాలలో తరచు కనబడుతున్నది. మాట ఆకర్షణీయమే, కాని సగమే నిజం. విడిచిపెట్టిన సగంవల్ల కలిగే నష్టమేమిటో పరిశీలింపవలసి ఉన్నది.

చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతాలనే తీసుకొందాం. ఇక్కడ కూరగాయల మళ్ళు, పూలతోటలు, పాడి పక్కపక్కనే ఉన్నవి. పురుగుమందు కలిపిన అల్యూమినియం పాత్రను కడిగితే పాలకు పనికివస్తుందా అని ఒక రైతు అడిగాడనుకొందాం. లోహాన్ని అంటిపెట్టుకొన్న పలుచని కర్బన పదార్థపు పొర కంటికి ఆనదు. లేజరు దానిని పసికట్టగలదా?

పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిదానిలో, తీక్ష్ణమైన లేజరు కిరణాన్ని క్షణంలో అత్యల్ప భాగంపాటు ఒక బిందువుపై కేంద్రీకరిస్తారు. అక్కడి పదార్థం వేల డిగ్రీల వేడిలో ప్లాస్మాగా మారి కాంతినిస్తుంది. ఆ వర్ణపటంలో 247.86 నానోమీటర్ల వద్ద కర్బనపు రేఖ, 388 ప్రాంతంలో కర్బన–నత్రజని జంట పట్టీ కనిపిస్తాయి.

చిక్కు ఇక్కడనే ఉన్నది. అణువు ముక్కలైపోతుంది గనుక అది పురుగుమందో పాల జిడ్డో కర్బనం ఒక్కటే చెప్పలేదు. భాస్వరం, క్లోరిన్ రేఖలు కూడ కనబడితే అనుమానం బలపడుతుందే గాని పేరు తేలదు. గాలిలో 78 శాతం నత్రజనియే. ఆ పట్టీలోని నత్రజని మరకదా, గాలిదా? పాత్ర ఉక్కుదైతే ఉక్కులోనే కర్బనం ఉన్నది. ఇనుపరేఖ ఒకటి కర్బనపు రేఖను దాదాపు కప్పివేస్తుంది. అందుచేత ఆర్గాన్ వాయువులో పరీక్షించి, శుభ్రమైన అదే లోహంతో పోల్చి చూడవలె.

రెండవది, 1928లో సి.వి. రామన్ వెల్లడించిన ఫలితంపై ఆధారపడినది. ఇది అణువును పగులగొట్టదు. అణువు కంపనాల ముద్రనే చూపుతుంది. కాని ఆ కాంతి అత్యల్పం. తరచు ప్రతిదీప్తిలో మునిగిపోతుంది. గరుకైన వెండి, బంగారపు తలాలు దానిని ఎన్నో రెట్లు పెంచుతాయి; నున్నని అల్యూమినియం ఆ మేలు చేయదు. గనుక మరకను తుడిచి వెండి తలంపైకి ఎక్కించవలసి వస్తుంది.

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఈ రెండు పద్ధతులతోను విస్ఫోటక పదార్థాలపై పరిశోధనలు జరిగాయి. అటువంటి పనిలో వెదకవలసిన పదార్థాలేవో ముందే తెలుసు. పోల్చుకోవడానికి వాటి వర్ణపటాలు సిద్ధంగా ఉంటాయి. ఏ మందు పడిందో తెలియని పాత్రకు ఆ సౌకర్యం లేదు.

పైగా లేజరు తాకేది మిల్లీమీటరుకు లోపు చోటు మాత్రమే. పదిచోట్ల కనబడనంత మాత్రాన పాత్రంతా శుద్ధమని తీర్పు చెప్పరాదు. "కనబడలేదు" వేరు, "లేదు" వేరు. ఏ లోహం, ఏ వాయువు, ఎన్ని బిందువులు, ఎంత తక్కువ పరిమాణం వరకు — ఈ నాలుగూ చెప్పని వ్యాసం పాఠకునికి విజ్ఞానం ఇవ్వదు, నమ్మకం మాత్రమే ఇస్తుంది.

ఇక రైతు ప్రశ్నకు జవాబు: పురుగుమందు తగిలిన పాత్ర పాలకు వద్దు. దీనికి లేజరు అక్కరలేదు.