కూతవేటు దూరం

మొబైల్ నెట్‌వర్క్‌ల పాఠం ఎక్కడ మొదలుపెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ మొదటి వారం పిల్లల బుర్రలో పడ్డ బొమ్మే చివరిదాకా ఉండిపోతుంది. చాలా కాలేజీల్లో ఆ బొమ్మ ఒకటే: మధ్యలో టవరు, చుట్టూ ఆరు పలకల గడి, టవరు నుంచి ఫోన్ల వైపు బాణాలు. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో డి.హెచ్. రింగ్ ఊరిని ఇలా చిన్న చిన్న గడులుగా విడగొట్టవచ్చని రాసినప్పటి నుంచి ఆ ఆరు పలకలు మనల్ని వదల్లేదు. గడితో నాకు పేచీ లేదు, బాణాల దిక్కుతోనే ఉంది. రాయ్‌పూర్‌లో ఈ సబ్జెక్టు చెబుతున్న నేను బాణాలను తిప్పి గీస్తాను, ఫోన్ నుంచి టవరు వైపుకు. ఈ వారం ఆ సంగతి రాస్తాను.

పెద్ద టవరు మీద ఉండే రేడియో 40 వాట్ల దాకా పంపుతుంది. మన చేతిలోని ఫోన్ గరిష్ఠంగా పంపేది 0.2 వాటు. అంటే రెండు వందల రెట్ల తేడా. పొలానికి ఈ గట్టు మీద ఒకాయన మైకు పట్టుకుని పిలుస్తున్నాడు, ఆ గట్టు మీదివాడు ఒట్టి గొంతుతో బదులివ్వాలి అనుకోండి. మైకు మాట ఊరవతలకీ వినిపిస్తుంది. ఇద్దరూ మాట్లాడుకోగలిగే దూరం మాత్రం ఒట్టి గొంతు ఎంత దూరం వెళితే అంతే. టవరు పెద్ద యాంటెన్నాలతో, ఒకటికి నాలుగు పెట్టుకుని, ఈ లోటును కొంత పూడుస్తుంది. పూర్తిగా పూడ్చలేదు. పల్లెలో కవరేజి ఎక్కడ ఆగిపోతుందో తేల్చేది చాలాసార్లు ఫోన్ నుంచి టవరుకు వెళ్లే ఈ దారే, అంటే అప్‌లింకే.

తమాషా ఏమిటంటే, ఫోన్ మీద కనిపించే సిగ్నల్ గీతలు ఈ మాట చెప్పవు. అవి టవరు గొంతు మనకు ఎంత గట్టిగా వినపడుతోందో చెబుతాయి. మన గొంతు టవరుకు వినపడుతోందా లేదా అన్నది వాటిలో ఉండదు. అందుకే క్లాసులో మొదట చేయించే పని గీతలు చూడటం మాన్పించడం. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అసలు అంకె చూడమంటాను. కిటికీ దగ్గర మైనస్ 84 డీబీఎం. వరండా లోపలి మూలకు వస్తే మైనస్ 97. లేబొరేటరీలోని ఇనుప బీరువాలో పెట్టి తలుపు వేసి, యాప్‌లో నమోదైన అంకె తర్వాత చూస్తే మైనస్ 110 దాటి ఉంటుంది. మైనస్ 100 అంటే ఎంతో కాగితం మీద లెక్క కట్టమంటాను. వాటులో పది లక్షల కోట్లో వంతు. అంత పిసరు శక్తిలోంచి ఫోన్ మాటను, బొమ్మను ఏరుకుంటోందని తెలిశాక ఎవరూ సిగ్నల్‌ను తేలిగ్గా తీసుకోరు. ఆ తర్వాత ఫోన్‌ను బల్ల మీద నెమ్మదిగా, బెత్తెడు బెత్తెడు చొప్పున జరపమంటాను. గోడల మీద, బీరువాల మీద పడి తిరిగొచ్చిన అలలు ఒకచోట కలిసి బలపడతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 1,800 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. అందులో సగం, అంటే బెత్తెడు జరిగితే చాలు, అంకె మారిపోతుంది. రాపాపోర్ట్ రాసిన వైర్‌లెస్ పాఠ్యపుస్తకంలో ఈ హెచ్చుతగ్గుల మీద ఉన్న ఫేడింగ్ అధ్యాయాన్ని కంఠతా పట్టిన పిల్లలు కూడా ఈ మార్పును కళ్లారా చూసినప్పుడు బల్ల చుట్టూ మూగుతారు.

రాయ్‌పూర్ ఈ చదువుకు మంచి చోటు. నేను ఊరి మీద అభిమానంతో అంటున్న మాట కాదిది. ఖనిజాలు, లోహాల చదువు కోసం 1956లో పుట్టిన ప్రభుత్వ కళాశాల ఇక్కడ 2005లో ఎన్ఐటీ అయింది. నయా రాయ్‌పూర్‌లో 2015లో ఐఐఐటీ వచ్చింది. విజయనగరం, విశాఖ వైపు నుంచి రైలెక్కి వచ్చి చదువుకునే మన పిల్లలు రెండుచోట్లా కనిపిస్తారు. కానీ నేను చెప్పేది ఆ భవనాల గురించి కాదు, ఊళ్లోంచి దక్షిణంగా వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి గురించి. ధమ్‌తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్, జగ్దల్‌పూర్, సుక్మా, కొంటా మీదుగా అది చింతూరు, భద్రాచలం చేరి, చివరికి విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో తేలుతుంది. వైర్‌లెస్ పాఠ్యపుస్తకం మొత్తం ఆ దారి పొడవునా పరిచి ఉంది.

రాయ్‌పూర్‌లో గడులు చిన్నవి, టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. 3,500 మెగాహెర్ట్జ్ మీద 5జీ నడుస్తుంది. ధమ్‌తరి దాటాక గడులు పెరుగుతాయి. కేశ్‌కాల్ మలుపుల్లో కొండ అడ్డొచ్చినప్పుడల్లా అంకె పడిపోతుంది, మలుపు తిరగ్గానే లేస్తుంది. బస్తర్‌లోకి వెళ్లేకొద్దీ ఫోన్ పై ఫ్రీక్వెన్సీలను వదిలేసి కింది వాటిని పట్టుకుంటుంది. దీనికి కారణం లెక్కలో ఉంది. ఒకే తరహా యాంటెన్నాలతో, ఒకే దూరానికి, 3,500 మెగాహెర్ట్జ్ అల 700 మెగాహెర్ట్జ్ అల కంటే 25 రెట్లు ఎక్కువ నష్టపోతుంది. ఇక దూరం. ఖాళీ ఆకాశంలో దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతు అవుతుంది. చెట్లు, ఇళ్లు, గుట్టలు ఉన్న నేల మీద నాలుగో వంతుతో ఆగదు, పదో వంతుకో పదహారో వంతుకో పడిపోతుంది. సాల అడవి గుబురుగా ఉన్నచోట ఇంకా దారుణం.

ఆ దారిలో ఛత్తీస్‌గఢ్ చివర, శబరి ఒడ్డున ఉన్న కొంటా నుంచి వచ్చిన ఒక అమ్మాయి మా క్లాసులో ఉండేది. ఇంట్లో తెలుగే. అప్‌లింక్ పాఠం జరిగిన రోజు క్లాసయ్యాక వచ్చి, "మా ఊళ్లో వీడియో చూడొచ్చు సార్. ఫొటో పంపాలంటే మాత్రం రోడ్డెక్కాలి" అంది. నేను గంటసేపు బోర్డు మీద రాసిందంతా ఆ రెండు ముక్కల్లో ఉంది. గడి అంచున ఉన్న ఫోన్ తనకున్న 0.2 వాటును చాలా సన్నటి ఫ్రీక్వెన్సీ ముక్కలోకి కుదించి పంపుతుంది. అలా చేస్తేనే టవరుకు వినపడుతుంది. సన్నటి ముక్కలో వేగం ఉండదు. అందుకే కిందికి దిగే వీడియో దిగుతూనే ఉంటుంది, పైకి వెళ్లాల్సిన ఫొటో గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది. ఆ అమ్మాయి ఇంకొకటి కూడా చెప్పింది. వాళ్ల పెరట్లోకి వెళితే ఫోన్ ఒక్కోసారి ఆంధ్ర వైపు టవరును పట్టుకుంటుందట. ఛత్తీస్‌గఢ్ 2000లో మధ్యప్రదేశ్ నుంచి విడిపోయినా టెలికాం లెక్కలో రెండూ ఇప్పటికీ ఒకే సర్కిల్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఇంకో సర్కిల్. ఇంట్లోంచి పెరట్లోకి నడిస్తే సర్కిల్ మారిపోయే ఊళ్లు మనకు ఉన్నాయి.

ఫొటో పంపడం సరదా వ్యవహారం అనుకునేవాళ్లకు ఒక మాట. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో హాజరు మొబైల్ యాప్ ద్వారా వేయడం తప్పనిసరి చేశారు. పనిని చూసుకునే మేట్ ఆ చోటు నుంచే రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీయాలని నిబంధన పెట్టారు. సిగ్నల్ లేనప్పుడు తీసి దాచుకుని తర్వాత పంపే వీలు యాప్‌లో ఇచ్చారు. ఎప్పుడు పంపినా అది వెళ్లాల్సింది అప్‌లింక్ మీదే. ఆశా కార్యకర్త నమోదు చేసే వివరాలూ, అంగన్‌వాడీ టీచరు పంపే లెక్కలూ, రైతు పేరు నమోదూ అంతే. పల్లె ప్రభుత్వానికి చెప్పుకోవాల్సినవన్నీ పైకే వెళ్లాలి. కంపెనీల ప్రకటనలు చూస్తే అన్నీ డౌన్‌లోడ్ వేగాలే. మనం పిల్లలకు నేర్పుతున్నదీ అదే వైపు చూపు అయితే, ఆ కూలీ పక్షాన లెక్క కట్టేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

ఈ ప్రాంతంలో పైకి వెళ్లే ఆ రెండో వైపు చూసినవాళ్లు ఉన్నారు. 2010లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర అందుకు ఉదాహరణ. మామూలు బటన్ల ఫోన్ నుంచి మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ వస్తుంది. గోండీలోనో, ఛత్తీస్‌గఢీలోనో తమ ఊరి గోడు చెప్పుకోవచ్చు. సరిచూశాక మిగతావాళ్లు ఫోన్ చేసి వినొచ్చు. పేపరు చదవలేనివాళ్లు, ఇంటర్నెట్ లేనివాళ్లు దాని ద్వారా బోరు చెడిందని, టీచరు రావడం లేదని, కూలి డబ్బు పడలేదని చెప్పుకున్నారు. జీఎస్ఎంలో ఒక మనిషి గొంతుకు సెకనుకు 13 కిలోబిట్లు చాలు. ఆ కాస్త దారిలో అడవి నగరానికి వినిపించింది. నెట్‌వర్క్ ఎందుకు అన్న ప్రశ్నకు దీనికంటే మంచి జవాబు నాకు ఇంతవరకు దొరకలేదు. ఇక టవర్ల సంగతి. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో 2,199 చోట్ల టవర్లు పెట్టాలని కేంద్రం 2014లో నిర్ణయించింది. బీఎస్ఎన్ఎల్ పెట్టిన ఆ 2జీ టవర్లు సోలార్ పలకల మీద నడిచాయి. అలాంటి 2,343 టవర్లను 4జీకి మార్చాలని 2022లో నిర్ణయమైంది. మంచిదే. అయితే అక్కడ 4జీ వచ్చిందా అని అడిగితే సరిపోదు. ఊరి చివరి ఇంటి నుంచి ఫొటో వెళుతోందా అని అడగాలి.

ఇదే ప్రశ్నను మన ఇంజనీర్లు ప్రపంచ వేదిక మీద అడిగి గెలిచారు. ఈ కథ మన తెలుగు పిల్లలకు ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. 5జీ ఎలా ఉండాలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఖరారు చేసేటప్పుడు, పల్లె కోసం ఒక నమూనా పరీక్ష పెట్టారు. అందులో టవరుకూ టవరుకూ మధ్య దూరం 1,732 మీటర్లు. మన దేశంలో ఏ పల్లెల్లో ప్రతి పావు తక్కువ రెండు కిలోమీటర్లకు టవరు ఉంది? మనవాళ్లు వేరే లెక్కతో వెళ్లారు. ఫైబర్ గ్రామ పంచాయతీ దాకా వస్తుంది, టవరు అక్కడ నిలబెడితే చుట్టుపక్కల పల్లెలు మూడు కిలోమీటర్ల లోపు ఉంటాయి. కాబట్టి టవర్ల మధ్య ఆరు కిలోమీటర్లు ఉన్నా పని చేయాలి. 2017లో ఆ ఆరు కిలోమీటర్ల పరీక్ష 700 మెగాహెర్ట్జ్ మీద అంతర్జాతీయ పత్రంలోకి ఎక్కింది.

దూరం మూడున్నర రెట్లు పెరిగితే నేల మీద నష్టం వంద రెట్లు కూడా దాటవచ్చు. టవరు గొంతు పెంచుకోగలదు, ఫోన్ ఎలా పెంచుకుంటుంది? అక్కడే సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ పని వస్తుంది. ప్రొఫెసర్ కిరణ్ కూచి బృందం పట్టుకున్న సంగతి ఇది. ఫోన్ పంపే సిగ్నల్‌లో ఎత్తుపల్లాలు ఎక్కువగా ఉంటే, ఆ ఎత్తులు తెగిపోకుండా యాంప్లిఫయర్‌ను తగ్గించి నడపాలి. ఉన్న శక్తి కూడా పూర్తిగా వాడుకోలేం. సిగ్నల్ ఆకారాన్ని దాదాపు చదునుగా ఉండేలా మలిస్తే యాంప్లిఫయర్ నిండుగా పనిచేస్తుంది. పై బై టూ బీపీఎస్‌కే అనే మాడ్యులేషన్‌కు ఒక వడపోత జోడించి దీన్ని సాధించారు. కొన్ని బ్యాండ్లలో ఫోన్ పంపే శక్తి రెట్టింపు అయ్యే వీలు దీనితో కలిగింది. భారతీయ టెలికాం ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్ఐ 5జీఐ పేరుతో పంపిన ప్రతిపాదనను 2021 ఫిబ్రవరిలో అంతర్జాతీయ సంస్థ ఆమోదించింది. తర్వాత అది అందరూ వాడే 3జీపీపీ ప్రమాణంలో కలిసిపోయింది. విడిగా ఉండాలా, కలిసిపోవాలా అన్న విషయంలో అప్పట్లో కంపెనీలకు, పరిశోధకులకు మధ్య వాదులాట నడిచింది. కలవడమే మేలైందని నా అభిప్రాయం. మన పల్లె కోసం వేరే ఫోన్ కొనాల్సిన అవసరం లేకుండా పోయింది.

ఆ ఫలితం వెనక ఉన్నది మూడో సంవత్సరం సిలబస్‌లో ఉన్న సంగతులే. శక్తి ఎంత, నష్టం ఎంత, మిగిలేది ఎంత అనే లింక్ బడ్జెట్, యాంప్లిఫయర్ గుణం, మాడ్యులేషన్. ఇవి చేత్తో లెక్క కట్టడం రాని పిల్లలు 6జీ మీద సెమినార్లు ఇస్తున్నారు. స్లైడ్లు బాగుంటాయి. "నీ ఫోన్ నుంచి మూడు కిలోమీటర్ల అవతలి టవరుకు ఎంత చేరుతుంది నాయనా?" అని అడిగితే మౌనం. ఇది పిల్లల తప్పు కాదు. అంకెలు వేసి, డెసిబెల్స్ కూడి తీసి, సమాధానం తప్పొస్తే ఎక్కడ తప్పొచ్చిందో వెతికే తీరిక మనం వాళ్లకివ్వడం లేదు. సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కితే రంగు రంగుల కవరేజి పటం వస్తుంది. ఆ రంగుల కింద ఉన్న నేలను నడిచి చూసినవాడికే ఆ పటాన్ని ఎంత నమ్మాలో తెలుస్తుంది.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన నాణ్యతా నిబంధనల ప్రకారం కంపెనీలు తమ కవరేజి పటాలను వెబ్‌సైట్లలో పెట్టాలి. అప్‌లోడ్ వేగాన్ని విడిగా చూపించే మైస్పీడ్ యాప్ ట్రాయ్‌దే, డబ్బు కట్టక్కర్లేదు. సెలవులకు ఇంటికి వెళ్లే ప్రతి ఈసీఈ విద్యార్థినీ, విద్యార్థినినీ నేను కోరేది ఒక్కటే. మీ ఊరి పటం తెరిచి చూడండి. ఆ తర్వాత ఊరి బడి దగ్గర, చెరువు గట్టు మీద, చివరి ఇంటి ముందు నిలబడి అప్‌లోడ్ వేగం కొలిచి, తేదీ, చోటు వేసి నోటు పుస్తకంలో రాయండి. తిరిగొచ్చాక ఆ అంకెలకూ పటానికీ పొంతన ఉందో లేదో మీ టీచరును కూర్చోబెట్టి లెక్క కట్టించండి.