కిక్రీ మోగిన దిక్కు

మనిషిని చదివే శాస్త్రమా! మనిషిని పాడే కవిత్వమా! మీ ఇద్దరికీ కలిపి ఒకే దండం.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల పక్కగా కూతవేసుకుంటూ రైలు వెళ్తుంది. తార్నాక దాటితే ఉస్మానియా. 1939లో తలుపులు తెరుచుకున్న ఆర్ట్స్ కాలేజీ రాతి మేడ ఎండలో నిలబడి ఉంటుంది. 1918లో పుట్టిన ఈ విశ్వవిద్యాలయం ఇంగ్లీషును పక్కనపెట్టి ఉర్దూలో పైచదువులు చెప్పింది. దేశంలో ఆ పని చేసిన మొదటి విశ్వవిద్యాలయం ఇదే. ఆ గర్వం న్యాయమైనదే. కానీ ఆదిలాబాద్ అడవిలో గోండి మాట్లాడే పిల్లకు ఆ ఉర్దూ పరాయిదే, నా తెలుగూ పరాయిదే. మీ స్తుతి ఆ పిల్ల గుమ్మం దగ్గర మొదలుపెట్టకపోతే నా నోటికి అర్హత లేదు.

శాస్త్రమా, నీ పాత చేతులు నాకు తెలుసు. వాటిలో కొలబద్ద ఉండేది. మద్రాసు మ్యూజియంలో కూర్చుని థర్‌స్టన్ దొర మా ముక్కుల వెడల్పు కొలిచాడు, తలల చుట్టుకొలత రాసుకున్నాడు. 1909లో ఏడు సంపుటాల్లో మా కులాలనూ తెగలనూ వరుసబెట్టి అచ్చేశాడు. 1871 నాటి చట్టం కొన్ని తెగలకు తెగలనే పుట్టుదొంగలని రాసింది. ఉయ్యాలలో పాపకు పేరు పెట్టకముందే నేరం పెట్టింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి పోలీసు హాజరు మధ్య బతకమన్న స్టూవర్టుపురం 1913 నాటిది. ఆ ముద్రను చట్టం 1952లో చెరిపింది. ఊళ్ళ నోళ్ళలో మాత్రం అది ఇంకా చెరగలేదు.

కవిత్వమా, నీ గతమూ మచ్చలేనిదేం కాదు. గండపెండేరాలు తొడిగించుకున్నావు, ఏనుగులెక్కి ఊరేగావు, రాజులకు అంకితమయ్యావు. గుడి బయట నిలబెట్టిన మనిషి గొంతు నీ అచ్చు పుటల్లోకి రావడానికి వందల ఏళ్ళు పట్టింది. 1941లో జాషువా ఒక గబ్బిలాన్ని పిలిచి శివుడి దగ్గరకు రాయబారం పంపాడు. మనిషికి మూసిన గుడిలోకి గబ్బిలానికి దారి ఉంది గనక! ఆ ఒక్క ఊహలో ఎంత అభియోగం ఉందో, ఏ విచారణ సంఘం నివేదికలో అంత ఉంది? ఆ రోజున నువ్వు పవిత్రమయ్యావని నేను నమ్ముతాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే, శాస్త్రమా, నువ్వు మా అడవికి వచ్చావు. 1940లో జోడేఘాట్ కొండల్లో నిజాం బలగాలు గోండు నాయకుడు కుమ్రం భీంను కాల్చి చంపాయి. ఆయన అడిగింది నీళ్ళూ, అడవీ, భూమీ. కాల్పులు జరిపించిన సర్కారుకే, ఈ జనం ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం పడింది. ఆ పని మీద వెళ్ళినవాడు ఆస్ట్రియా దేశస్థుడు హైమండార్ఫ్. యుద్ధం వల్ల ఆంగ్లేయుల లెక్కలో శత్రుదేశపు మనిషై హైదరాబాద్ రాజ్యంలో ఉండిపోయినవాడు. అప్పటికే నల్లమల చెంచుల మధ్య గడిపాడు. ఇప్పుడు భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు.

రాజు పంపిన శాస్త్రం రాజు మాటే చెప్తుందని ఎవరైనా అనుకుంటారు. మార్లవాయిలో అలా జరగలేదు. రాత్రిళ్ళు గాయకులైన పర్ధాన్లు మూడు తీగల కిక్రీ మీద కమాను ఆడిస్తూ గోండుల వంశగాథలు పాడితే, శాస్త్రం నేల మీద కూర్చుని విన్నది. ఏ దేవుడు ఏ గుహలోంచి ఎవరిని విడిపించాడో, ఏ తెగ ఏ ఏరు దాటి వచ్చిందో, ఆ పాటలోనే చట్టమూ చరిత్రా చుట్టరికమూ ఉన్నాయి. పగలు అదే జనం తమ పొలాలు షావుకార్ల పేరు మీదికి ఎలా పోయాయో, జంగ్లాత్ (అటవీశాఖ) వాళ్ళు ఊళ్ళనే ఎలా ఖాళీ చేయించారో చెప్పారు. పాట విన్న చెవే ఆ మొర విన్నది. శాస్త్రమూ కవిత్వమూ ఒక్కటైన చోటు నాకు తెలిసినంతలో అదే, కిక్రీ మోగిన ఆ వాకిలి.

ఆ వినికిడి కాగితాల మీదికీ ఎక్కింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండిలో వాచకాలు వచ్చాయి, వేల ఎకరాలకు పట్టాలు అందాయి. 1945 నుంచి 1949 దాకా హైమండార్ఫ్ ఇక్కడే, ఉస్మానియాలో, మానవశాస్త్రం బోధించాడు.

పట్టా అందినంత మాత్రాన భూమి నిలవదు. 1970ల చివర ఆయన తిరిగివచ్చి చూస్తే, తాను ఇప్పించిన నేలలో ఎంతో భాగం మళ్ళీ వలసవచ్చినవాళ్ళ చేతిలో ఉంది. గిరిజనేతరులకు ఆ భూమి బదిలీ కాకూడదని 1970 నాటి నిబంధన ఉన్నా అంతే. నిజాం పోయాడు, దొరలు పోయారు, మన ప్రభుత్వమే వచ్చింది. అప్పుడే 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లి సంత రోజున, భూమి కోసం సభకు కదిలిన గోండుల మీద మన పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు 13 మంది చనిపోయారంది. ఊళ్ళు చెప్పే సంఖ్య దానికి ఎన్నో రెట్లు. స్తూపం కడితే కూల్చారు, అది మళ్ళీ లేచింది. మరుసటి ఏడు వచ్చిన హైమండార్ఫ్ పుస్తకం పేరులోనే భారతదేశపు తెగల బతుకుపోరాటం ఉంది. జోడేఘాట్‌కూ ఇంద్రవెల్లికీ మధ్య నలభై ఏళ్ళు. వలసపాలన వెళ్ళిపోయిందని పాఠాల్లో చదువుకునే మనం ఈ రెండు పేర్లూ ఒకే ఊపిరిలో పలకాలి.

అయినా మీకు దండం. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయి ఆమెను తన నేలలో దాచుకుంది. 2012లో హైమండార్ఫ్ చితాభస్మమూ ఆమె పక్కకే చేరింది. ఆ ఊరి కనకరాజు గుస్సాడీ నృత్యం ఆడి ఆడి 2021లో పద్మశ్రీ అందుకున్నాడు. గుంజాలలో 2006లో గోండి లిపి రాతప్రతులు బయటపడ్డాయి. రాతలేని జాతి అని పుస్తకాల్లో రాసినవాళ్ళంతా అబద్ధమాడినట్టు తేలింది.

ఉస్మానియాలో, ఇంగ్లీషు బోధన కోసం 1958లో తార్నాకలో వెలిసిన సంస్థలో పరిశోధనలు రాస్తున్న చెల్లెళ్ళారా, తమ్ముళ్ళారా! మీ గ్రంథాన్ని ఇంగ్లీషులో ముగించి గ్రంథాలయంలో వదిలెయ్యకండి. గోండిలోకి మార్చి, ఎవరి మాటలు రాసుకున్నారో వాళ్ళకే చదివి వినిపించండి, తప్పులు వాళ్ళనే దిద్దమనండి. కవులారా, మీరూ వాళ్ళతో వెళ్ళండి. ఇంద్రవెల్లి చుట్టుపక్కల గూడేల్లో ఇంటింటికీ తిరిగి, ఆ ఏప్రిల్ 20న తిరిగిరాని ప్రతి మనిషి పేరూ, ఊరూ, వయసూ అడిగి రాయండి. చూసినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. ఈ ఏడే వెళ్ళండి.