కళ్ళజోడు అడిగితే చంద్రుడు

జాన్ డొమినిక్ బోబీ రాసిన ‘ది డైవింగ్ బెల్ అండ్ ది బటర్‌ఫ్లై’ నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో, ‘స్ఫూర్తినిచ్చే పుస్తకాలు’ అని ఎవరో పంపిన లిస్టులోంచి ఏరుకుని. ఒక్క రాత్రిలో అయిపోయింది. కళ్ళు చెమర్చాయి. మర్నాడు ల్యాబ్ ఎగ్జామ్ ఉంది, మర్చిపోయాను. రెండోసారి పోయిన ఏడాది, నాన్నకి పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మూడో నెలలో. ఈసారి స్ఫూర్తి సంగతి ఏమోగానీ, అక్కడక్కడా ఈ పుస్తకం నన్నే తిడుతోందనిపించింది.

తెలియనివాళ్ళకి క్లుప్తంగా: బోబీ ఫ్రెంచి ‘ఎల్’ పత్రిక సంపాదకుడు. 1995 డిసెంబర్ 8న, 43 ఏళ్ళ వయసులో, బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. కోమాలోంచి బయటపడేసరికి ఒళ్ళంతా చచ్చుబడింది. బుర్ర మాత్రం ఎప్పట్లాగే పనిచేస్తోంది. డాక్టర్లు దీన్ని లాక్డ్-ఇన్ సిండ్రోమ్ అంటారు. కుడికన్ను కుట్టేశారు. మిగిలింది ఎడమకంటి రెప్ప. ఉత్తర ఫ్రాన్సులో బెర్క్ అనే సముద్రతీరపు ఊళ్ళో, ఆసుపత్రి మంచమ్మీద, ఆ రెప్ప ఆడిస్తూ 1996 జులై, ఆగస్టు నెలల్లో ఈ పుస్తకం చెప్పి రాయించాడు. 1997 మార్చిలో అచ్చయింది. కొద్దిరోజులకే ఆయన పోయాడు.

రాయించిన పద్ధతి ఇది. ఎదుటివాళ్ళు అక్షరాలు వరసగా చదువుతుంటే కావలసినది రాగానే రెప్ప వేస్తాడు. ఏ, బీ, సీ వరస కాదు. ఫ్రెంచిలో ఏ అక్షరం ఎక్కువ వాడతారో అది ముందు: ఈ, ఎస్, ఏ, ఆర్, ఐ, ఎన్... అలా చివర్న డబ్ల్యూ. మా ఫీల్డు వాళ్ళకి వెంటనే హఫ్‌మన్ కోడింగ్ గుర్తొస్తుంది, ఎక్కువసార్లు వచ్చేదానికి తక్కువ ఖర్చు. క్లోడ్ మాందిబిల్ అనే ఆవిడ వచ్చి రాసుకునేది. ఆవిడ వచ్చేలోపు ఈయన వాక్యాల్ని మనసులోనే తిరగరాసి, కంఠతా పట్టి ఉంచుకునేవాడు.

ఒక్కో అక్షరానికి అంత ఖర్చున్నప్పుడు మనిషి ఏం చెబుతాడు? జీవితం అమూల్యమనీ, ఆశ వదలొద్దనీ చెబుతాడనుకుంటాం. బోబీ ఆ ఖర్చంతా పెట్టి ఫిర్యాదులు చేశాడు, జోకులేశాడు. టీవీలో ఫుట్‌బాల్ మ్యాచ్ సగంలో ఉండగా ఆసుపత్రి మనిషి ఒకడు ఠక్కున కట్టేసి, గుడ్‌నైట్ చెప్పి వెళ్ళిపోయాడట. అది రాయించాడు. ఆదివారం ఎవరూ రారు, ముక్కు మీద ఈగ వాలుతుంది, తోలుకోలేడు. అదీ రాయించాడు. పారిస్ కాఫీ హోటల్లో ఎవరో తను కూరగాయతో సమానమైపోయాడని చెప్పుకుంటున్నారని తెలిసి, తన బుర్ర ముల్లంగి కంటే కాస్త మెరుగేనని నిరూపించడానికి స్నేహితులందరికీ ఉత్తరాలు రాయించడం మొదలుపెట్టాడు. పౌరుషం!

ఈ పుస్తకాన్ని ‘పాజిటివ్ థింకింగ్’ అరలో పెట్టడం పొరపాటని నాకిప్పుడు అనిపిస్తోంది. సగం మ్యాచ్ పోయినందుకు ఇంకా కోపం తెచ్చుకోగల మనిషి బతుకు మీద విసుగు పుట్టినవాడు కాదు. ఆ కోపాన్ని తీసేసి ‘ఎంత గుండెధైర్యం!’ అని మెచ్చుకుంటే ఆయన్ని మళ్ళీ ముల్లంగిని చేసినట్టే.

నాన్న లెక్కల మాస్టారు. చూడ్డానికొచ్చిన పాత స్టూడెంట్లు “ధైర్యంగా ఉండండి మాస్టారూ, మనోధైర్యమే సగం మందు” అని చెప్పి వెళ్ళేవాళ్ళు. నేనూ అదే చెప్పాను, వీడియోలు కూడా చూపించాను. ఆయన నోట్లోంచి వచ్చేది ఒకటే మాట: “అదికాదు.” ఆకలైనా అదికాదు, బాత్రూమైనా అదికాదు.

బోబీ పద్ధతి మనకీ పనికొస్తుందని ఉత్సాహపడి ఒక శనివారం కూర్చున్నాను. తెలుగుకి అంత తేలిక కాదు. హల్లులు, వాటికి గుణింతాలు, కింద ఒత్తులు. ముందు వర్గం అడిగి, తర్వాత అక్షరం, తర్వాత గుణింతం అని మూడు మెట్లు పెట్టాను. ఏ అక్షరం ఎక్కువ వస్తుందో లెక్కపెట్టడానికి స్క్రిప్టు రాశాను. చార్టు కలర్ ప్రింటు తీసి, లామినేషన్ చేయించి పట్టుకెళ్ళాను. నాన్న దాన్ని చూసి ఎడంచేత్తో పక్కకి నెట్టేశారు. నేను అలిగాను కూడా. తర్వాత స్పీచ్ థెరపీ ఆవిడ చెప్పింది: బోబీకి పోయింది కండరాల మీద అదుపు, మాటలు లోపల భద్రంగానే ఉన్నాయి. నాన్నది అఫేసియా, దెబ్బతిన్నది మాటలుండే చోటే. అక్షరాలు కూర్చుకోవడం ఆయనకి మాట్లాడ్డమంత కష్టమూ. రెండు రోగాలూ ఒకటేననుకోవడం నా తెలివి.

అప్పుడు మళ్ళీ తెరిచాను. వచ్చేవాళ్ళు అక్షరాలు ఎలా పట్టుకుంటారో బోబీ చెప్పే అధ్యాయం ఒకటుంది. కొందరు ఓపిగ్గా చివరిదాకా ఆగుతారు, కొందరు సగంలోనే పదం ఊహించేస్తారు. ఒకసారి కళ్ళజోడు కావాలని అడగబోయాడు. ఫ్రెంచిలో దాని మొదటి సగం చంద్రుడనే మాట. అక్కడితో ఆపేసి, చంద్రుడితో ఏం పని అని అడిగారట. మొదటిసారి చదివినప్పుడు నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు. ఆ సగంలో ఆపే మనిషిని నేనే.

పుస్తకంలో నాకు నచ్చనివీ ఉన్నాయి. కలలూ పాత ప్రయాణాలూ చెప్పే కొన్ని పేజీలు పత్రిక ఫీచర్లలా నున్నగా జారిపోతాయి. ఇంగ్లిషు పేరుతోనూ పేచీ ఉంది. ఫ్రెంచి పేరులో ఉన్నది గంట కాదు, సముద్రంలోకి దిగేవాళ్ళు వేసుకునే బరువైన సూటు. గంటలో కాస్త కదలొచ్చు, సూటు ఒంటికి బిగిసి ఉంటుంది. ఇంకోటి, ప్రచురణకర్త మనిషిని పంపించి రాయించుకోవడం సంపాదకుడికి దొరుకుతుంది. మన ఊళ్ళో మంచాన పడ్డ ఆటో డ్రైవరు రెప్పలు ఎవరు లెక్కపెడతారు? బోబీ తప్పు కాదులెండి, కానీ చదువుతున్నంతసేపూ గుర్తొస్తూనే ఉంది. 2007లో జూలియన్ ష్నాబెల్ తీసిన సినిమా మొదటి అరగంట, కెమెరా ఆ ఒంటికన్నే అయిపోయే అరగంట, బాగుంటుంది.

పుస్తకమంతటిలో నాకు మిగిలింది తండ్రి గురించిన చిన్న అధ్యాయం. 92 ఏళ్ళ ఆయన మెట్లు దిగలేక తన ఫ్లాట్‌లోనే చిక్కుకుపోయాడు. జబ్బు పడకముందు బోబీ ఆఖరుసారి వెళ్ళినప్పుడు ఆయనకి గడ్డం గీశాడు. ఆ గీయడమెలాగో వివరంగా చెబుతాడు తప్ప ప్రేమ గురించి ఒక్క మాట అనడు. ఇప్పుడు ఇద్దరూ చెరోచోట బందీలు. తండ్రి ఫోన్ చేస్తాడు, కొడుకు జవాబివ్వలేడు.

మొన్న ఆదివారం నాన్న గోడవైపు చూపిస్తూ “అదికాదు, అదికాదు” అంటున్నారు. మందుల టైమా అన్నాను, అమ్మని పిలవనా అన్నాను, ఫ్యాను తగ్గించనా అన్నాను. తర్వాత నోరు మూసుకుని పక్కనే కూర్చున్నాను. పావుగంట పట్టింది. గోడ గడియారం ఐదు నిమిషాలు వెనకుంది. స్టూలెక్కి ముల్లు తిప్పాను. నాన్న తన చేతివాచీ చూసుకున్నారు, మళ్ళీ గోడకేసి చూశారు. ఒక నిమిషం ఎక్కువ తిప్పానట.

“అదికాదు” అన్నారు చిరాగ్గా.