పక్షి చెప్పిన పాఠము, పుస్తకము చెప్పని పాఠము: లిలియెంథాల్ గ్రంథ విమర్శ

బెర్లిను నగరమున 1889లో ఆటో లిలియెంథాల్ అను ఇంజనీరు ఒక గ్రంథమును వెలువరించెను. ఎగురు విద్యకు పక్షి గమనమే పునాది అనుట దాని పేరులోని భావము. 1911లో దానికి ఇంగ్లీషు అనువాదము వెలువడినది. నేడు రెక్క క్రింద వ్రేలాడుచు హ్యాంగ్ గ్లైడరు నడపువారందరును ఈ రచయితను తమ మూలపురుషునిగా తలతురు. 1971లో కాలిఫోర్నియాలో గ్లైడరు ఔత్సాహికులు కూడుటకు ఆయన జన్మదినమగు మే 23వ తేదీనే ఎన్నుకొనిరి. అయినను, గౌరవింపదగిన గ్రంథమైనంత మాత్రమున పరీక్షింపరాదని శాస్త్రమున నియమము లేదు. ఎగుర నేర్వదలచిన వానికి ఈ పుస్తకము ఏమి ఇచ్చినది? ఏమి ఇవ్వలేకపోయినది? ఈ రెండు ప్రశ్నలను ఇచట విచారింతము.

ముందు గుణమును చెప్పుట న్యాయము. ఆంక్లాం పట్టణమున పుట్టిన ఆటో, ఆతని తమ్ముడు గుస్టావ్ బాల్యము నుండియు కొంగలను గమనించినవారు. కొంగను చూచి ముచ్చట పడినవారు లోకమున ఎందరో కలరు. కొంగ రెక్కను కొలిచినవారు అరుదు. గుండ్రముగ తిరుగు పొడవైన చేయి కొనకు రకరకముల పలకలను అమర్చి, వానిపై గాలి చూపు బలమును ఈ సోదరులు తూచినారు. చదునైన పలక కంటె కొద్దిగా వంపు తిరిగిన పలక, స్వల్పమైన కోణమున నిలిపినపుడు సైతము, చాల ఎక్కువ ఉత్థాపక బలమును, అనగా పైకి ఎత్తు బలమును, ఇచ్చునని తేల్చినారు. వంపు రెక్క గాలిని నెమ్మదిగా క్రిందికి మళ్లించును. గాలి తిరిగి రెక్కను పైకి నెట్టును. న్యూటను మూడవ నియమమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు. ఈ బలములను కోణముల వారీగా పట్టికలలోను, పటములలోను చూపుట గ్రంథమునకు శాశ్వత విలువను తెచ్చినది.

ఇక దోషములు. మొదటిది ఒక సంఖ్య. గాలికి ఎదురుగా నిటారుగా నిలిపిన పలకపై బలమును లెక్కించుటకు, వేగము యొక్క వర్గమును వైశాల్యముతో హెచ్చవేసి, ఒక స్థిరాంకముతో గుణింపవలెను. మీటర్లు, కిలోగ్రాములలో లిలియెంథాల్ ఆ స్థిరాంకమును 0.13గా గ్రహించెను. అది పూర్వపు ఇంజనీర్ల నుండి వచ్చిన విలువ. నిజమైన విలువ సుమారు 0.08 మాత్రమే. 13 చదరపు మీటర్ల పలకకు సెకనుకు 9 మీటర్ల గాలి తగిలినదనుకొనుడు. మొదటి విలువతో 137 కిలోగ్రాముల బలము వచ్చును. రెండవ దానితో 84 మాత్రమే. కాగితముపై ఎగిరిన మనిషి కొండపై ఎగురకపోవుటకు ఈ తేడా చాలును.

అమెరికాలో రైటు సోదరులకు 1901లో జరిగినది ఇదియే. వారి గ్లైడరు, లెక్క చెప్పిన బలములో సుమారు మూడవ వంతు మాత్రమే ఇచ్చినది. వారు నిరుత్సాహపడినను ఊరకుండక, చిన్న వాయుసొరంగమును నిర్మించి స్వయముగ కొలిచిరి. పాత స్థిరాంకము హెచ్చని తేలినది. లిలియెంథాల్ పట్టిక మాత్రము ఆయన వాడిన ఆకారపు రెక్కకు చాలవరకు సరియైనదే. దానిని వేరు ఆకారపు రెక్కకు వర్తింపజేయుట పొరపాటు. ఏ పట్టికయైనను ఏ పరిస్థితులలో కొలిచినదో తెలియక వాడరాదను నీతి ఇందుండి గ్రహింపదగును.

రెండవ దోషము, గాలి సహజముగనే కొంత పైకి వాలి వీచునని చేసిన నిర్ణయము. వాలుకు తగిలి గాలి పైకి మళ్లును, ఎండకు వేడెక్కిన నేలపై గాలి పైకి లేచును. కాని అన్ని చోట్లను అట్లు జరుగదు. లేచిన గాలికి ప్రక్కనే దిగు గాలియు ఉండును. ఎచట లేచునో గుర్తించుటయే నేటి గ్లైడరు చోదకుని విద్యలో సగము.

మూడవది, అన్నింటికంటె పెద్దది. రెక్క మనిషిని ఎట్లు మోయును అనునది గ్రంథమంతటను కలదు. మోయబడు మనిషి సమతౌల్యమును ఎట్లు నిలుపుకొనవలెను అనునది ప్రధాన విషయము కాలేదు. ఇందుకు కారణము సులభము: గ్రంథము వెలువడిన రెండేండ్లకు, 1891లో కాని, రచయిత స్వయముగ ఎగురలేదు. అటుపై ఐదేండ్లలో ఆయన సుమారు 2000 పర్యాయములు ఎగిరెను. అత్యధిక దూరము సుమారు 250 మీటర్లు. ఆయన గాలిలో గడిపిన మొత్తము కాలము దాదాపు ఐదు గంటలేనని విల్బర్ రైటు అంచనా వేసెను. భాగించి చూడుడు: సగటున ఒక్కొక్క పర్యాయము తొమ్మిది సెకనులు! ఇంత కొద్ది అభ్యాసముతోనే ఆయన ఎందరికో దారి చూపెను.

ఆయన మోచేతులను చట్రమున ఆనించి, నడుమును కాళ్లను ఊపుచు గురుత్వకేంద్రమును జరుపుకొనెడివాడు. జరుపగల దూరము స్వల్పము. 1896 ఆగస్టు 9న స్టోల్న్ వద్ద గాలి ఉధృతికి గ్లైడరు ముక్కు పైకి లేచి, వేగము చచ్చి, సుమారు 15 మీటర్ల ఎత్తు నుండి కూలినది. మరునాడు ఆయన మరణించెను. రెక్క కోణము మితిమీరినపుడు గాలి దాని పై తలమును అంటిపెట్టుకొని ప్రవహింపదు, ఉత్థాపక బలము పడిపోవును. దీనినే స్టాల్ అందురు.

ఆ లోపమును పూరించినది తరువాతి తరము. 1948లో అమెరికాలో ఫ్రాన్సిస్ రొగాలో, గెర్ట్రూడ్ దంపతులు మెత్తని గుడ్డ రెక్కను కల్పించిరి. 1963లో ఆస్ట్రేలియాలో జాన్ డికెన్సన్ అట్టి రెక్క క్రింద త్రికోణపు చట్రమును అమర్చి, మనిషిని లోలకము వలె వ్రేలాడదీసెను. ఇపుడు శరీరమంతయు జరుగును. కడ్డీని తనవైపు లాగిన ముక్కు దిగి వేగము పెరుగును. ముందుకు నెట్టిన వేగము తగ్గును.

నేడు నేర్చువానికి ఇందే మొదటి పరీక్ష కలదు. నేల దగ్గరపడుచుండగా భయపడి కడ్డీని నెట్టుట సహజము. అకాలమున నెట్టిన స్టాల్ కలుగును. అదే పనిని నేలకు అడుగుల ఎత్తున, సరియైన క్షణమున చేసిన మెత్తగా నిలబడవచ్చును. కనుక కొత్తవాడు మొదటి దినమే మేఘముల నడుమ విహరింపగలనని ఆశింపరాదు. పల్లపు గుట్టపై పరుగెత్తుట, కొన్ని సెకనులు తేలుట, గ్లైడరును మరల పైకి మోసికొనిపోవుట, ఇదే ఆతని దినచర్య. లిలియెంథాల్ పడిన శ్రమయు ఇదియే. భేదమేమన, ఆయనకు గురువు లేడు, నేటివానికి కలడు. శిక్షకుడు లేక ఈ విద్యను ఎవరును ప్రయత్నింపరాదు.

ఉపాధ్యాయులు ఈ గ్రంథమును తరగతిలో పరిచయము చేయదగును. పై గుణకారమును విద్యార్థులచే చేయించి, తప్పు ఎచట దాగినదో వారినే వెదకనీయుడు. తప్పు సంఖ్య ఉన్నను ఈ గ్రంథము గొప్పదే. ఏలయన దానిలోని కొలతలను మరియొకరు తిరిగి కొలిచి సరిచూడ వీలైనది. ఎట్లు కొలిచితినో దాచక వ్రాసినవాడు తన తప్పును దిద్దు సాధనమును కూడ లోకమునకు ఇచ్చి పోయినాడు.