కృష్ణపక్షమున దుఃఖస్వరూపము

దేవులపల్లి కృష్ణశాస్త్రి (1897–1980) ప్రకృతికవిగను దుఃఖకవిగను ప్రసిద్ధుడు. ఈ రెండును పరస్పరవిరుద్ధములుగ దోచును. వనలతాతరంగములను జూచి పరవశించువాడు విలపించుటకు హేతువేమి? ఆ దుఃఖ మాంగ్లకవులయొద్ద నెరువు దెచ్చినదని కొందరును, భార్యావియోగజనితమని కొందరును సమాధానము చెప్పిరి. 1928లో అక్కిరాజు ఉమాకాంతము ‘నేటికాలపు కవిత్వము’న భావకవులను తీవ్రముగ ఖండించెను. ఈ వివాదమును రసశాస్త్రదృష్టితో విమర్శించుట యుక్తము.

లాక్షణికుల మతమున వనచంద్రికాదులు ఉద్దీపనవిభావములు, ఆలంబనము వేఱు. ‘కృష్ణపక్షము’ (1925)న ఆలంబనము స్పష్టము గాదు. వనమే కవికి శరణ్యము. మనుష్యరూపమును వీడి యడవిలో నైక్యము గావలయునను కోరికతో వెలసిన గీతము 1982లో ‘మేఘసందేశము’ చలనచిత్రమున బాడబడి యానందగీతముగనే లోకమున వ్యాపించెను. కాని యందలి క్రియను బరికింపవలయును. కవి కోరినది విహరించుట గాదు, దాగుట. దాగుట భీతుని క్రియ. తన్ను దాను భరింపలేనివాడే తాను గానిదానిగ మాఱగోరును. కావున నీ కవియందు ప్రకృతిప్రీతియు నంతర్వేదనయు నేకమూలములు.

ఈ వేదన కరుణమా, విప్రలంభమా? కరుణము నిరపేక్షభావమనియు, విప్రలంభము సాపేక్షభావమనియు భరతుని విభాగము. మరణించినవారు మరలి రారు గనుక కరుణమున నాశ లేదు. భార్యావియోగమే సర్వమునకు మూలమైనచో నిది కరుణము గావలయును. కృష్ణశాస్త్రియందో, నిరీక్షణ మెన్నడును విరమింపదు. ‘ఊర్వశి’లో నా నిరీక్షణకు లక్ష్యమైనది యప్సరోరూపము దాల్చినది. కావున నిది విప్రలంభమే; ప్రాప్యము గానిదాని నపేక్షించు విప్రలంభము.

దుఃఖమును దుఃఖమనియే పేరెత్తి పలుమాఱు చెప్పినచోట్ల స్వశబ్దవాచ్యత్వదోషము తప్పదు. ఖండించినవారి మాట యచ్చట నంగీకార్యము. కవి యూరకుండి యడవియే పలికినచోట మాత్రము ధ్వని నిర్దుష్టము. ఆ రెండింటిని వేఱుపఱచి బోధించుట పండితుల విధి.

కావ్యనామమే యిందుకు సాక్షి. ‘కృష్ణపక్షము’ను కర్మధారయముగ విగ్రహించినచో చీకటిపక్షము, షష్ఠీతత్పురుషముగ విగ్రహించినచో కృష్ణుని పక్షము, అనగా కవి తన పక్షమే. చీకటియు దానును వేఱు గాదని శ్లేష. ఆ పక్షమున చంద్రుడు క్షీణించునే కాని నశింపడు. క్షీణించుచున్నను ఆశ విడువని యీ దుఃఖమునకు అంతకంటె దగిన పేరు లేదు.