అర నిమిషం పరుగూ, గంట పరుగూ

తెల్లారకముందే మా ఊరి కాలేజీ గ్రౌండులో రెండు గుంపులు కనిపిస్తాయి. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారయ్యే కుర్రాళ్లు 1600 మీటర్ల కోసం గ్రౌండు చుట్టూ ఆగకుండా తిరుగుతుంటారు. ఓ మూల నలుగురైదుగురు మాత్రం వేపచెట్టు నుంచి గోల్‌పోస్టు దాకా ప్రాణం పెట్టి పరిగెత్తి, మోకాళ్ల మీద చేతులాన్చి రొప్పి, తేరుకుని మళ్లీ పరిగెడతారు. ఏది మేలన్న వాదన వాళ్ల మధ్య రోజూ ఉండేదే.

ఈ రెండు పరుగుల్నీ పక్కపక్కన పెట్టి కొలిచిన ప్రయోగం ఒకటి 2011లో కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. పదేసి మందితో రెండు జట్లు. వారానికి 3 రోజుల చొప్పున 6 వారాలు. మొదటి జట్టు 30 సెకన్లు శక్తికొద్దీ పరిగెత్తి, 4 నిమిషాలు తేరుకునేది. పూటకు ఇలా 4 నుంచి 6 సార్లు. రెండో జట్టు 30 నుంచి 60 నిమిషాలు ఒకే వేగంతో సాగేది. స్ప్రింట్ జట్టు ఒక పూటలో నిజంగా పరిగెత్తింది రెండు మూడు నిమిషాలే.

శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజనే దమ్ముకు కొలత. అది స్ప్రింట్ జట్టులో 11.5 శాతం, రెండో జట్టులో 12.5 శాతం పెరిగింది. దీన్ని చూసి 'రెండూ ఒకటే' అనేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. గుండె నిమిషానికి గరిష్ఠంగా పంపే రక్తం నిదానపు పరుగువాళ్లలో 9.5 శాతం పెరిగితే, స్ప్రింట్ జట్టులో పెరగలేదు. దమ్ము ఒకరికి గుండె వైపు నుంచి వచ్చింది. ఇంకొకరికి, అందిన రక్తంలోంచే ఎక్కువ ఆక్సిజన్ పిండుకోవడం నేర్చిన కండరం నుంచి వచ్చింది.

2005 నాటి మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ ప్రయోగం కూడా ఇదే వైపు చూపిస్తుంది. సైకిల్ మీద 30 సెకన్ల స్ప్రింట్లు, రెండు వారాల్లో ఆరే ఆరు పూటలు. అంతకుముందు 26 నిమిషాలకే చేతులెత్తేసినవాళ్లు అదే బరువు మీద 51 నిమిషాలు తొక్కారు. కండరంలో ఆక్సిజన్‌తో శక్తి పుట్టించే సత్తాకు గుర్తుగా కొలిచే ఎంజైము 38 శాతం పెరిగింది. గరిష్ఠ ఆక్సిజన్ కొలత మాత్రం మారలేదు. మార్పు ముందు కండరంలో మొదలైందన్నమాట.

కొవ్వు సంగతికొస్తే, 2011 ప్రయోగంలో స్ప్రింట్ జట్టుకు 12.4 శాతం, రెండో జట్టుకు 5.8 శాతం తగ్గింది. శాతాల్లో రెట్టింపు మాటే, కానీ కిలోల్లో 1.7, 0.8. పదేసి మంది మీద వచ్చిన ఈ తేడాతో 'కొవ్వు కరిగించే మంత్రం' అని ప్రచారం చేయడం తప్పు. కండ రెండు జట్లలోనూ 1 శాతమే పెరిగింది.

హార్మోన్ల గురించి జిమ్ముల్లో చెప్పేది ఇంకా ఎక్కువ. ఒక్క 30 సెకన్ల స్ప్రింట్‌తో గ్రోత్ హార్మోన్ ఎన్నో రెట్లు ఎగసి, గంట దాటినా పూర్తిగా దిగకపోవడం నిజమే. అయితే వారాల తరబడి సాధన చేశాక అదే స్ప్రింట్‌కు ఆ పెరుగుదల తగ్గినట్టు బ్రిటన్‌లో చేసిన పరిశోధనల్లో తేలింది. ఒళ్లు అలవాటు పడుతుంది. మన ఇళ్లకు నిజంగా పనికొచ్చే హార్మోను ఇన్సులిన్. 2009లో ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ విశ్వవిద్యాలయం వాళ్లు చూస్తే, రెండు వారాల సైకిల్ స్ప్రింట్లతో ఇన్సులిన్‌కు ఒళ్లు స్పందించే తీరు 23 శాతం మెరుగైంది. స్ప్రింట్ల పక్షాన నాకు అన్నిటికంటే బలంగా కనిపించే సాక్ష్యం ఇదే. వాళ్లు ఆరోగ్యవంతులైన కుర్రాళ్లన్నది మాత్రం మరవకూడదు.

ఈవెంట్స్ కుర్రాళ్లకు నేను చెప్పేది, వారంలో రెండు పరుగులకూ చోటివ్వండని. ఇక నడివయసువాళ్లకు ఒక మనవి. 2011 ప్రయోగంలో పరిగెత్తినవాళ్ల సగటు వయసు 24. షుగరో బీపీనో ఉన్నా, ఏళ్ల తరబడి పరిగెత్తకపోయినా, వీడియో చూసి రేపే స్ప్రింట్లకు దిగకండి. ముందు డాక్టరుకు చూపించుకోండి, నడకతో మొదలుపెట్టండి.